మట్టి దారులకు బండి టైర్లు ఎలా ఎంచుకోవాలి: నెల్లూరు, ప్రకాశం నేలలకు సరిపడే సమగ్ర మార్గదర్శి

"ఎక్స్‌పల్స్ కొన్నాను, కంపెనీ టైర్లు అరిగాక ఏవి వేయించమంటారు?" "స్ప్లెండర్ మీదే రోజూ తోటకి పోయొస్తాను, బటన్ టైర్లు పడతాయా?" ఇలాంటి ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. అందుకే మొత్తం ఒకచోట వరసగా రాస్తున్నాను.

టైరు కంపెనీ పేరుతో మొదలుపెడితే తప్పు టైరే కొంటారు. ముందు మీరు తిరిగే నేల, తర్వాత బటన్ల (టైరు మీద పొడుచుకొచ్చే రబ్బరు గుబ్బల) రకం, ఆ తర్వాత సైజు, ట్యూబు సంగతి, అన్నీ తేలాక చివర్న కంపెనీ. ఈ వరస మార్చకండి.

1. ముందు మీ తిరుగుడు లెక్కేయండి

ఒక కాగితం తీసుకుని, పోయిన రెండు మూడు నెలల్లో బండి ఎక్కడెక్కడ తిరిగిందో రాయండి. తారు రోడ్డు మీద ఎన్ని కిలోమీటర్లు, మట్టిలో ఎన్ని.

చాలామంది "నాది సగం సగం" అంటారు కానీ రాసి చూస్తే అలా ఉండదు. నెల్లూరు నుంచి ఉదయగిరి కొండల దాకా పోవడానికే వంద కిలోమీటర్ల దాకా తారు రోడ్డు, రావడానికి మళ్లీ అంతే, మధ్యలో మట్టిలో తిరిగేది పది పదిహేను. అది సగం సగం కాదు, తొంభై పది. అదే కనిగిరి, పామూరు వైపు పొలం పనికి రోజూ గ్రావెల్ బాట పట్టే ఆయనది మామూలు కమ్యూటర్ బండే అయినా అసలైన సగం సగం.

రాసుకోవాల్సినవి:
- తారు ఎంత, మట్టి ఎంత
- మట్టి అంటే ఏ మట్టి: ఇసుకా, రేగడా, గ్రావెలా, రాయా
- వెనక మనిషి గానీ బరువు గానీ ఉంటుందా
- అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో కూడా అదే దారిలో పోతారా
- దారిలో పంచర్ షాపు ఎంత దూరం

చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ట్యూబా, ట్యూబ్‌లెస్సా అన్నది సగం దానితోనే తేలుతుంది.

2. మన నేలలు, వాటికి కావాల్సిన టైరు

ఈ భాగం నిదానంగా చదవండి. బయటి వీడియోలు ఎక్కువగా లడఖ్, హిమాచల్ దారుల్ని చూపించి చెబుతాయి, మన దగ్గర ఇబ్బందులు వేరు.

*ఇసుక.* మైపాడు, కొత్తపట్నం తీరం, పెన్నా గర్భం, గుండ్లకమ్మ. పొడి ఇసుకలో బటన్ల కంటే గాలి ముఖ్యం. 30 పీఎస్‌ఐ గాలితో ఎంత ఖరీదైన టైరైనా కూరుకుపోతుంది, గాలి తగ్గిస్తే మామూలు టైరు కూడా చాలా దూరం లాగుతుంది. బటన్లు కావాలనుకుంటే వెనక టైరుకి పెద్దవి, అడ్డంగా పరుచుకున్నవి చూడండి, ఇసుకని వెనక్కి తోసేది అవే. ముందు టైరు సన్నగా, పెద్ద చక్రానిది అయితే దారి పట్టుకుని పోతుంది.

తీరంలో ఒక జాగ్రత్త. సుమారుగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఆ రోజుల్లో ఇసుక మీదికి బండి దించొద్దు. రావణాసురుడి మీసాలు పెరిగిన ఇసుక దిబ్బల మీదికి ఎప్పుడూ ఎక్కించొద్దు, ఇసుక కదలకుండా పట్టి ఉంచేవి ఆ మొక్కలే. ఉప్పు నీళ్లు తగిలితే ఆ రోజే మంచి నీళ్లతో ఊచలు, రిమ్ము, చైను కడిగేయండి.

*నల్లరేగడి.* ఒంగోలు చుట్టుపక్కల పొలం బాటలు. ఎండినప్పుడు ఏ టైరైనా పోతుంది. వాన పడ్డాక మాత్రం బంకలా పట్టుకుని బటన్ల మధ్య నిండిపోతుంది, ఇక అక్కడ బటన్లున్నా లేనట్టే. తర్వాత మడ్‌గార్డులో పేరుకుని చక్రాన్నే ఆపేస్తుంది. దీనికి బటన్ల మధ్య బాగా ఎడం ఉన్న టైరు కావాలి, చక్రం తిరిగే ఊపుకి మట్టి రాలిపోవాలి. వెడల్పు టైరు ఇక్కడ పనికిరాదు, సన్నదైతే పైమట్టిని కోసుకుని కింద గట్టి నేలని పట్టుకుంటుంది. మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య కనీసం రెండు వేళ్లు దూరేంత ఖాళీ ఉండాలి. ఇన్ని చేసినా, ముసురు పట్టిన రోజు తడి రేగడిలో నమ్మకంగా నడిచే టైరు లేదు. ఒక రోజు ఎండ కాయనిచ్చి పోవడమే మంచిది.

రొయ్యల గుంటల కట్టలు, కాలవ కట్టలు కూడా వానలో ఇలాగే ఉంటాయి, పైగా పక్కన నీళ్లు. అక్కడ నున్నటి రోడ్డు టైరుతో పోవడం నిజంగా ప్రమాదం.

*ఎర్ర గ్రావెల్.* కావలి నుంచి ఉదయగిరి, పామూరు, కనిగిరి వైపు ఎక్కువగా ఉండేది ఇదే. గట్టి నేల మీద చిన్న చిన్న రాళ్లు దొర్లుతుంటాయి. బాగా పొడుగు బటన్లు ఇక్కడ అక్కర్లేదు, అవి వంగిపోయి బండి తేలుతున్నట్టుగా అనిపిస్తుంది. దగ్గర దగ్గరగా ఉన్న మధ్యరకం దిమ్మెలు (పొట్టిగా, వెడల్పుగా ఉండే బటన్లు), అంచుల్లో కూడా దిమ్మెలున్నవి బాగా పట్టుకుంటాయి. మూలమలుపులో పని చేసేవి ఆ అంచువే.

*పదునైన రాయి.* మార్కాపురం వైపు పలక రాయి, చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ ముక్కలు. ఇక్కడ పోయేది బటన్లు కాదు, టైరు పక్క గోడ. పలక అంచు బ్లేడులా కోస్తుంది, పక్క గోడ తెగితే ప్యాచ్ నిలవదు, టైరు మార్చాల్సిందే. కాబట్టి ఈ దారుల వాళ్లు గట్టి పక్క గోడ ఉన్న టైరు తీసుకోండి, గాలి మరీ తగ్గించకండి.

*సర్కారు తుమ్మ.* ఇది నేల కాదు గానీ మన రెండు జిల్లాల్లో పంచర్లకి మొదటి కారణం ఇదే. చెరువు కట్టల మీద, ఎండిన వాగుల్లో, కంప కొట్టి పడేసిన చోట ముళ్లు దారంతా ఉంటాయి. ఎండిన ముల్లు పల్చటి టైరులోంచి నేరుగా ట్యూబుకి దిగుతుంది. దీనికి మందు ఐదో భాగంలో చెప్తాను.

కొండల దారుల గురించి కూడా ఇక్కడే. పెంచలకోన, వెలిగొండల వైపు గానీ దోర్నాల, గిద్దలూరు వైపు నల్లమలలో గానీ రిజర్వు ఫారెస్టులోకి బండి దించాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి. టైరు ఎక్కగలిగినంత మాత్రాన అది మన దారి అయిపోదు.

3. బటన్ల రకం తేల్చుకోండి

టైర్ల మీద 80/20, 50/50 అని చెబుతుంటారు. మొదటిది తారు, రెండోది మట్టి. ఇది కంపెనీలు చెప్పుకునే అంచనా, కొలత కాదు. ఒకరి 50/50 ఇంకొకరి 70/30 కావచ్చు. కాబట్టి అంకె కంటే టైరుని చూడండి: బటన్ల ఎత్తెంత, మధ్య ఎడమెంత.

- తారు 80 శాతం పైన: లోతైన గాళ్లున్న, దిమ్మెలు దగ్గరగా ఉన్న టైరు. గ్రావెల్‌కి చాలు, హైవే మీద నిశ్శబ్దం, వానలో బ్రేకు నమ్మకం.
- తారు, మట్టి దాదాపు సమానం: పెద్ద దిమ్మెలు, మధ్యలో కొంత ఎడం. ఈ రెండు జిల్లాల్లో ఎక్కువమందికి సరిపడేది ఈ రకమే అని నా అభిప్రాయం.
- మట్టే ఎక్కువ: పొడుగు బటన్లు. తారు మీద రొద చేస్తాయి, వణుకుతాయి, తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటాయి. పైగా మే నెల ఎండలో 16వ నంబరు హైవే మీద గంటల కొద్దీ తోలితే వెనక బటన్లు కళ్ల ముందే కరిగిపోతాయి.
- పూర్తి మోటోక్రాస్ టైరు: పక్కన "ఎన్‌హెచ్‌ఎస్" అనో "నాట్ ఫర్ హైవే" అనో ఉంటే అది రోడ్డుకి చేసింది కాదు. చవగ్గా వచ్చిందని రోజువారీ బండికి వేయించకండి.

రోజూ ఆఫీసుకి పోయే బండికి, ఆదివారం ఒక్కరోజు కోసం పొడుగు బటన్లు వేయించడం డబ్బు దండగ. మిగతా ఆరు రోజులు మీరు వెళ్లేది తారు మీదే.

4. టైరు పక్కన రాసింది చదవండి, సైజు మార్చకండి

ఉదాహరణకి 120/80-18 62ఎస్ అని ఉందనుకోండి. 120 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 80 అంటే పక్క గోడ ఎత్తు, వెడల్పులో 80 శాతం, అంటే 96 మి.మీ. 18 అంటే రిమ్ము అంగుళాల్లో. 62 బరువు సూచిక, 265 కిలోల దాకా మోస్తుంది. ఎస్ వేగం సూచిక, గంటకి 180 కి.మీ. మట్టి టైర్లకి ఎక్కువగా ఎం (130), పి (150), క్యూ (160) లాంటివి ఉంటాయి. అదేమీ లోపం కాదు, మీ బండి వేగానికి తగ్గకుండా ఉంటే చాలు. బరువు సూచిక మాత్రం కంపెనీ టైరు కంటే తక్కువది తీసుకోకండి.

కొన్ని బండ్లకి కంపెనీ నుంచి వచ్చే సైజులు:
- ఎక్స్‌పల్స్ 200: ముందు 90/90-21, వెనక 120/80-18
- హిమాలయన్ 411: ముందు 90/90-21, వెనక 120/90-17
- హిమాలయన్ 450: ముందు 90/90-21, వెనక 140/80-17
- వీ-స్ట్రోమ్ ఎస్‌ఎక్స్: ముందు 100/90-19, వెనక 140/70-17

మీ బండికి ఏదన్నది టైరు మీదా మాన్యువల్లోనూ ఉంటుంది, అదే తీసుకోండి. "ఒక సైజు పెద్దది వేద్దాం అన్నా, లుక్ బాగుంటది" అని షాపులో అంటారు, ఒప్పుకోవద్దు. సన్నటి రిమ్ముకి వెడల్పు టైరు వేస్తే మధ్యలో ఉబ్బి గుండ్రంగా అయిపోతుంది, నేలకి తగిలేది తగ్గుతుంది. చైనుకో, స్వింగ్ ఆర్ముకో రాసుకుంటుంది. వెడల్పు మార్చకుండా ఎత్తు మార్చినా ఇబ్బందే: 120/80-18 తీసి 120/90-18 వేస్తే పక్క గోడ 96 నుంచి 108 మి.మీ. అవుతుంది, చక్రం మొత్తం ఎత్తు 24 మి.మీ. పెరుగుతుంది. వెనక చక్రంతో నడిచే స్పీడోమీటరైతే తప్పు చూపిస్తుంది, బండి బరువుగా లాగుతుంది, మడ్‌గార్డు దగ్గర ఖాళీ పోతుంది.

కమ్యూటర్ బండ్ల వాళ్లకి: మీ సైజులో దిమ్మెల టైర్లు దొరుకుతాయి, వెనకది మార్చినా పొలం బాటకి చాలా తేడా తెలుస్తుంది. అంతకు మించి ఆశించొద్దు, ఆ బండ్ల సస్పెన్షన్ అంతవరకే.

5. ట్యూబా, ట్యూబ్‌లెస్సా

మామూలు ఊచల రిమ్ముకి ట్యూబు ఉండాల్సిందే, ఊచల రంధ్రాల్లోంచి గాలి పోతుంది. టైరు మీద "టీఎల్" (ట్యూబ్‌లెస్) అని ఉన్నా అలాంటి రిమ్ములో ట్యూబు వేసే బిగించాలి. అల్లాయ్ చక్రాలకీ, ట్యూబ్‌లెస్ కోసమే చేసిన ఊచల చక్రాలకీ ట్యూబు అక్కర్లేదు.

ముళ్ల దారిలో ట్యూబ్‌లెస్ సుఖం. ముల్లు దిగినా గాలి నెమ్మదిగా పోతుంది, ప్లగ్ కిట్ ఉంటే చెట్టు కింద పది నిమిషాల పని. కానీ రాళ్లలో అల్లాయ్ అంచు వంగితే గాలి నిలవదు, ఒక్కోసారి చక్రమే విరుగుతుంది. ఊచల చక్రం దెబ్బ తట్టుకుంటుంది, వంగినా సరిచేయొచ్చు.

ట్యూబు బండి వాళ్లు ముళ్లకి చేయాల్సినవి:
- మందం ట్యూబు అడిగి వేయించండి. బరువు పెరుగుతుంది గానీ చాలా పంచర్లు తప్పుతాయి.
- సీలెంట్ (లోపలి నుంచి రంధ్రం పూడ్చే ద్రవం) పోయిస్తే చిన్న ముళ్లకి పని చేస్తుంది, చీలికకి చేయదు.
- ముందు టైరు సైజు ట్యూబు ఒకటి వెంట ఉంచుకోండి. అవసరపడితే వెనక టైరులో కూడా ఇంటిదాకా లాక్కొస్తుంది.
- కంప ఉన్న బాట మీద తిరిగొచ్చాక టైరు చుట్టూ చూసి, విరిగి ఉండిపోయిన ముళ్లు ప్లయరుతో పీకండి. ఈరోజు పైపైన ఉన్న ముల్లు రేపు లోపలికి దిగుతుంది.

6. కంపెనీలు, క్లుప్తంగా

ఎంఆర్‌ఎఫ్ మీటియోర్, సియెట్ గ్రిప్ రకాలు, రైజ్ ట్రెయిలార్, టిమ్‌సన్, పిరెల్లీ ఎంటీ 60, పెద్ద బండ్లకి మిషెలిన్ అనకీ, మిటాస్ ఈ-07 అందరికీ తెలిసినవి. వీటిలో ఏది గొప్పదని వాదించుకోవడంలో సమయం పోతుంది. మీ సైజులో ఏది దొరుకుతుంది, తర్వాతిసారి కూడా దొరుకుతుందా అన్నది అంతకంటే ముఖ్యం. నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ లేకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు, అయితే బిగించేవాళ్లని ముందే మాట్లాడుకుని తెప్పించండి.

ముందు వెనక ఒకే రకం వేయడం మంచిది. డబ్బుకి ఇబ్బంది అయితే, మట్టిలో ఎక్కువ తిరిగేవాళ్లు ముందు చక్రం టైరు మొదట మార్చండి. వెనక జారితే కాలు పెట్టో, యాక్సిలరేటర్ తగ్గించో నిలబెట్టుకోవచ్చు, ముందుది జారితే ఆ అవకాశం ఉండదు.

7. షాపులో చూడాల్సినవి

- తయారీ తేదీ: టైరు పక్కన "డీఓటీ" అని మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు. 2324 అంటే 2024లో 23వ వారం. ఏడాదికి మించి పాతదైతే వేరేది అడగండి.
- బటన్ల మొదట్లో సన్న పగుళ్లు ఉన్నాయేమో వేలితో వంచి చూడండి. మన ఎండకి షాపు బయట వేలాడదీసిన టైర్లు త్వరగా పాడవుతాయి.
- సైజు, బరువు సూచిక, టీటీ (ట్యూబు టైరు) లేదా టీఎల్ అన్నవి మీరు రాసుకొచ్చిన కాగితంతో పోల్చుకోండి.
- బిల్లు తీసుకోండి. వారంటీకి అదే ఆధారం.

8. బిగించేటప్పుడు పక్కనే ఉండండి

వరస ఇదీ:
1. పాత టైరు తీశాక రిమ్ము లోపల తుప్పు, ఊచల చివర్లు చూడండి. రిమ్ టేపు చిరిగితే కొత్తది వేయించండి.
2. టైరు లోపల చెయ్యి తిప్పి పాత ముల్లు, ఇసుక లేవని చూసుకోండి. కొత్త టైరైనా సరే.
3. పక్కన బాణం గుర్తు చూసి తిరిగే వైపు సరిపెట్టండి. ముందు టైరుకీ వెనక టైరుకీ బాణాలు వేరుగా ఉండొచ్చు.
4. పసుపు చుక్క ఉంటే వాల్వు దగ్గరికి తెప్పించండి.
5. ట్యూబుకి పౌడరు, టైరు అంచుకి సబ్బు నీళ్లు. సుత్తితో బాదితే ట్యూబు నలుగుతుంది, అంచు దెబ్బతింటుంది, వద్దని చెప్పండి.
6. గాలి పట్టాక రిమ్ము పక్కన టైరు మీద ఉండే సన్నటి గీత చుట్టూ ఒకే దూరంలో ఉందా చూడండి. ఒకచోట లోపలికి పోతే టైరు సరిగా కూర్చోలేదు. గాలి తీసి, సబ్బు నీళ్లు రాసి మళ్లీ పట్టించండి.
7. చైను బిగువు, ఇరుసు, బ్రేకు చూసుకుని బండి తీయండి.

మొదటి 150, 200 కిలోమీటర్లు నెమ్మదిగా తోలండి. కొత్త రబ్బరు పైపొర జారుతుంది, వంపుల్లో వాలించకండి.

9. గాలి

టైరు ఎంపిక ఎంత బాగున్నా ఇక్కడ తప్పు చేస్తే పోయినట్టే. గాలి ఎప్పుడూ చల్లటి టైరులోనే చూడాలి. మిట్టమధ్యాహ్నం తోలి ఆపిన వెంటనే చూస్తే మూడు నాలుగు ఎక్కువ చూపిస్తుంది, అది చూసి తీసేయకండి.

- తారు: మాన్యువల్లో ఉన్నంత
- గ్రావెల్: దానికి నాలుగైదు తక్కువ
- పదునైన రాళ్లు: 22 నుంచి 25, అంతకంటే దించొద్దు
- పొడి ఇసుక: 15 నుంచి 18, ఒక్కరే ఉన్నప్పుడు

ట్యూబు టైరుకి రిమ్ లాక్ (టైరు రిమ్ము మీద జారకుండా పట్టి ఉంచే బిగింపు) లేకపోతే 18 కిందికి వెళ్లొద్దు. టైరు రిమ్ము మీద జారి ట్యూబుని లాగుతుంది, వాల్వు మొదలు తెగుతుంది. వాల్వు మీద ఉండే నట్టుని రిమ్ముకి బిగించకుండా పైకి, మూత దగ్గరికి తిప్పి ఉంచండి. వాల్వు పక్కకి ఒరిగితే టైరు జారుతోందని వెంటనే తెలుస్తుంది.

మట్టిలోంచి తారు ఎక్కగానే గాలి నింపాలి. 16 గాలితో హైవే మీద 80లో పోతే టైరు వేడెక్కి లోపల పొరలు విడిపోతాయి. అందుకే చిన్న కాలి పంపో, బ్యాటరీ పంపో, గాలి చూసే గేజీ ఒకటి వెంట లేకుండా గాలి తగ్గించే పని పెట్టుకోవద్దు.

10. వచ్చే ఇబ్బందులు, సరిచేసే తీరు

*కొత్త టైరు వేశాక 60 దగ్గర హ్యాండిల్ వణుకుతోంది.* ముందు గాలి చూడండి, తర్వాత టైరు సరిగా కూర్చుందా, ఆ తర్వాత బ్యాలెన్స్, ఊచల బిగువు. పొడుగు బటన్లకి కొంత వణుకు మామూలే, కానీ చెయ్యి తిమ్మిరెక్కేంత మామూలు కాదు.

*ఒకే వారంలో రెండుసార్లు పంచరు, ట్యూబు మీద పక్కపక్కన రెండు చీలికలు.* అది ముల్లు కాదు. గాలి తక్కువై రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగింది. నాలుగు పెంచండి.

*వెనక బటన్ల ముందు అంచులు గుండ్రంగా అరిగాయి.* బాణం లేని టైరైతే తిప్పి వేయించండి, ఇంకొంత కాలం వస్తుంది. బాణం ఉంటే తిప్పకండి.

*బటన్ల మూలలు చిరిగిపోతున్నాయి.* గట్టి రాయి మీద ఒక్కసారిగా యాక్సిలరేటర్ ఇస్తున్నారు, లేదా మీ దారికి ఆ టైరు మరీ మెత్తటిది. ఈసారి పొట్టి బటన్లు తీసుకోండి.

*తడి రోడ్డు మీద వెనక జారుతోంది.* పొడుగు బటన్ల గుణం అది. వానాకాలమంతా తారే అయితే ఆ మూడు నెలలకి పాత టైరు వేసుకుని, బటన్లది నీడలో దాచుకోండి.

ఎప్పుడు మార్చాలంటే, గాళ్లలో అడుగున ఉండే టీడబ్ల్యూఐ (టైరు అరుగుదల చూపే) గుర్తు బటన్లతో సమానంగా వచ్చినప్పుడు తప్పదు. మట్టిలో మాత్రం అంతకు చాలా ముందే, బటన్ల ఎత్తు సగానికి వచ్చేసరికే పట్టు తగ్గుతుంది. అలాంటి టైరుతో తారు మీద ఇంకొన్ని వేల కిలోమీటర్లు తిరగొచ్చు, తడి కట్టల మీదికి మాత్రం తీసుకెళ్లకండి. పక్క గోడలో ఉబ్బు కనిపిస్తే ఎత్తుతో పని లేదు, ఆ టైరుతో షాపు దాకా కూడా నెమ్మదిగానే వెళ్లి మార్చేయండి.